ప్రథమ వీక్షకుడు

మా డైరెక్టరుగారు లోయలో వెల్లకిలా పడి ఉండటం మొట్టమొదట నేనే చూశాను. వెంటనే చూడలేదని నిర్ణయించుకున్నాను.

నిర్ణయానికి ఎక్కువసేపు పట్టలేదు. మండలిలో ఇన్నాళ్ళు పనిచేసిన గుమాస్తాకి ఆ మాత్రం చురుకుదనం ఉంటుంది. మలుపు దగ్గర ఆయన సైకిలు గట్టు అంచున ఒక తుప్పకి చిక్కుకుని వేలాడుతోంది. వెనక చక్రం ఇంకా తిరుగుతోంది. కింద గెడ్డ. గెడ్డలో నీళ్ళు పెద్దగా లేవు, రాళ్ళే ఉన్నాయి. రాళ్ళ మీద ఎర్ర హెల్మెట్టు, పసుపు జాకెట్టు, వాటి మధ్య పర్వత సైకిల్ విహార మండలి డైరెక్టరు ఉప్మాక విశ్వపతిరావుగారు. ఆయన కుడికాలు మోకాలి దాకా ఒక దారిన వచ్చి, అక్కణ్ణుంచి వేరే దారి పట్టింది.

నేను సైకిలు దిగి, లోయకి వీపు పెట్టి, ఎదురుగా ఉన్న కొండని శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాను.

"పైన ఎవరు?" కింది నుంచి కేక.

"నేనే సార్, సన్యాసిరావుని."

"నన్ను చూశావా?"

"లేదు సార్."

"శభాష్!" అన్నారాయన. అంత నొప్పిలోనూ గొంతులో గర్వం తొణికిసలాడింది. అంచేత తలకి దెబ్బ తగల్లేదని తెలిసి సంతోషించాను.

ఆ గర్వానికి కారణం చెప్పాలి. రెండేళ్ళ కిందట ఈ కొండదారిలోనే ఒక యాత్రికుడు సైకిలు మీంచి పడి మెడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. అతన్ని ఆసుపత్రికి చేర్చిన ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న మీద గెస్టుహౌసులో పెద్ద మీటింగు జరిగింది. పడినవాడే భరించాలంటే ఇకముందు పడటానికి ఎవరూ రారని ఒకరు భయం వెలిబుచ్చారు. తీసుకెళ్ళిన గైడు భరించాలంటే గైడు దగ్గర నాలుగు సైకిళ్ళు తప్ప ఏమీ ఉండదని ఇంకొకరు జాలి వెలిబుచ్చారు. మండలి భరించాలని మాత్రం ఎవరూ అనలేదు. అలాంటి మాటలు అనేవాళ్ళని మేము మీటింగులకి పిలవం.

అప్పుడు విశ్వపతిరావుగారు లేచి నిలబడ్డారు.

"అసలు ప్రమాదము అనగా నేమి?" అన్నారు. అందరూ పెన్నులు తీశారు. "ఎవ్వరి కంటనూ పడని ప్రమాదము రికార్డునందు లేనిదగును. రికార్డునందు లేనిది జరగనిదగును. కంటబడిన క్షణమునుండియే అది ప్రమాదమగుచున్నది. కావున దానిని ప్రమాదముగా మార్చినవాడెవడు? దానిని మొదట చూచినవాడు! సదరు ప్రథమ వీక్షకుడే, అంబులెన్సు మొదలు అధికారుల తేనీరు వరకు, సమస్త వ్యయమునకు బాధ్యుడు."

చప్పట్లు ఆగాక మా ఆర్థిక సలహాదారు తాళ్ళూరి హయగ్రీవంగారు ఒక సందేహం లేవనెత్తారు. ఆయన ఉద్యోగమే సందేహాలు లేవనెత్తడం. "పడినవాడు తనని తానే చూసుకుంటే?" అన్నారు.

"పడుచున్న మానవుడు కన్నులు మూసుకొనును. అది ప్రకృతి," అన్నారు డైరెక్టరుగారు. ఆ ముక్క కూడా నిబంధనలో చేర్చాం: పడినవారు పడిన సమయమున కన్నులు మూసుకొనియున్నట్లే భావించవలెను.

ఫలితం అమోఘం. మర్నాటి నుంచే ప్రమాదాలు ఆగిపోయాయి. దారి పొడుగునా 'నీ చక్రం నువ్వు చూసుకో' అని బోర్డులు పాతాం. యాత్రికులు అటూ ఇటూ చూసి నష్టపోకుండా, గుర్రాలకి కట్టే గంతల్లాంటివి హెల్మెట్లకి రెండు వైపులా బిగించి, వాటికి ఏకాగ్రతా పరికరాలని పేరు పెట్టాం. రెండేళ్ళలో ఒక్కరూ పడలేదు. అక్కడక్కడా కుంటుకుంటూ ఇళ్ళకి వెళ్ళినవాళ్ళు ఉన్నారు గానీ, వాళ్ళు వచ్చేటప్పుడే అలా వచ్చారేమోనని మేము అడగలేదు.

ఇన్ని చేసినా గైడ్లు మాత్రం ఒక దొంగదారి కనిపెట్టారు. ఎవరైనా లోయలో పడితే గైడు అంచుకి వీపు పెట్టి, ఒక చివర చెట్టుకి కట్టిన తాడుని వెనక్కి జారవిడిచేవాడు. ఏమిటది అనడిగితే, "తాడు తడిసింది, ఆరేస్తున్నా," అనేవాడు. కాసేపయ్యాక తాడు లాగితే దాని చివర ఒక మనిషి వచ్చేవాడు. వచ్చాడని చూసేవాడు లేడు. ఎవరూ ఎవర్నీ కాపాడలేదు, తాడు ఆరింది, అంతే.

నడివేసవిలో తాళ్ళు అన్నిసార్లు ఎందుకు తడుస్తున్నాయని డైరెక్టరుగారికి అనుమానం వచ్చింది. పోయిన నెలలోనే సర్క్యులర్ వేశారు: విహార మార్గమునందు తాళ్ళు ఆరవేయుట నిషిద్ధం. ఉల్లంఘించిన గైడు లైసెన్సు రద్దు, సైకిళ్ళు జప్తు.

ఈ రోజు ప్రమాద రహిత మహోత్సవం. అందుకే స్వయంగా డైరెక్టరుగారు సైకిలెక్కారు. ముందు గైడు కిల్లో సువర్ణ, ఆమె వెనక హయగ్రీవంగారు, ఆ వెనక డైరెక్టరుగారు, చివర బిస్కట్లూ పూలదండా మోస్తూ నేను. బయల్దేరేముందు డైరెక్టరుగారు ఫోటో బాగా రావాలని తన గంతలు తీయించారు. మిగతా అందరం కట్టుకున్నాం.

అదీ జరిగింది. ఆయన పడ్డారు, నేను చూడలేదు.

"సన్యాసిరావ్," అన్నారు కింది నుంచి, "కాలు కొంచెం ఇబ్బందిగా ఉందయ్యా."

"విన్నాను సార్."

"వినికిడి నిబంధనలో లేదు. నిర్భయంగా విను. ఎవరైనా ప్రథమ వీక్షకుడు దొరికేదాకా అక్కడే ఉండు."

ఉన్నాను. పై కొండ మీద మబ్బు నల్లగా కమ్ముతోంది. అక్కడ వాన పడితే ఇక్కడ చినుకు పడకపోయినా గెడ్డ పొంగుతుంది. ఈ సంగతి మండలిలో అందరికీ తెలుసు. 'గెడ్డలో దిగరాదు' అన్న బోర్డుకి టెండరు పిలిచింది నేనే.

సువర్ణ వెనక్కి వచ్చింది. తన వెనక ఎవరూ రావడం లేదని ఎంత సేపటికి గ్రహించిందో గానీ, చెమటలు కక్కుతూ వచ్చింది. కాఫీ తోటల్లో పుట్టి పెరిగిన పిల్ల. మండలి దగ్గర లైసెన్సు తీసుకుని, అప్పు చేసి కొన్న నాలుగు సైకిళ్ళతో బతుకుతోంది. తుప్పకి వేలాడుతున్న సైకిలు దగ్గర బ్రేకు వేసి, ఠక్కున నా పక్కకి వచ్చి, నాలాగే కొండవైపు తిరిగి నిలబడింది.

"ఎంతసేపయింది సార్?"

"ఏమెంతసేపయింది?"

"అదేనండి. మీరు కొండని చూస్తా నిలబడి."

"కాసేపయింది."

"బతికున్నారా?"

"ఎవరు?"

ఆమె పళ్ళు కొరికింది. "మరి హయగ్రీవంగారేరీ?"

"ఆయన నీ వెనకే కదా వచ్చారు?"

"నా వెనక లేరు. కాఫీ తోటలోంచి అడ్డదారిలో గెస్టుహౌసుకి దిగిపోయుంటారు. పొద్దున్నించీ బొంగులో చికెన్ అయిందా అయిందా అని ఒకటే అడగడం."

అంతలో దారికి పైవైపు తుప్పల్లోంచి సన్నగా ఒక మూలుగు వినిపించింది. ఇద్దరం అటు చూడలేదు. ఒకరోజుకి ఒక్క ప్రమాదం చూడకపోవడమే ఎక్కువ.

"సువర్ణా!" డైరెక్టరుగారి కేక. "నీ దగ్గర తాడుందా?"

"ఉంది సార్."

"తడిగా ఉందా?"

"లేదు సార్. పొడిగా ఉంది."

"ఎందుకు పొడిగా ఉంది?"

"తడి తాడు కనబడితే లైసెన్సు రద్దన్నారు కదండీ."

గెడ్డ శబ్దం కొంచెం పెరిగినట్టనిపించింది.

"కొంచెం తడిపి ఆరెయ్యమ్మా," అన్నారాయన, గొంతు తగ్గించి.

"వద్దన్నది తమరే సార్."

"సర్క్యులర్ సవరించవచ్చు. కానీ సవరణకి ఆర్థిక సలహాదారు సంతకం కావాలి. హయగ్రీవం ఏడీ?"

"గెస్టుహౌసులో చికెన్ దగ్గరండి," అన్నాను.

ఏదో అనబోయి మానుకున్నట్టు కింది నుంచి ఒక దగ్గు మాత్రం వచ్చింది. అప్పుడు దాన్ని నేను లెక్కచెయ్యలేదు.

నేను ఫోన్ తీసి అత్యవసర స్పందన అధికారి బొడ్డేపల్లి కోదండంగారికి కలిపాను. ఆయనకి కింద ఘాట్‌రోడ్డు మీద ఒక వ్యానూ, నలుగురు మనుషులూ, స్ట్రెచరూ ఉన్నాయి. రెండేళ్ళుగా ఒక్క ప్రమాదానికీ వెళ్ళని దళంగా మొన్ననే వాళ్ళకి సత్కారం జరిగింది.

"సార్, ఊరికే అలా షికారుగా కొండ మలుపు దాకా వస్తారా?" అన్నాను. "గాలి బావుంది."

ఆయన అనుభవజ్ఞుడు. "షికారుకి స్ట్రెచరు తెచ్చుకోమంటావా?" అన్నారు.

"తెచ్చుకుంటే కూర్చోడానికి బాగుంటుంది సార్."

"ఎముకా? తలా?"

"నేనేమీ చూడలేదు సార్. కుడి మోకాలి కిందైతే నాకు తెలీదు."

"తెలీకపోతే మంచిదే. వస్తున్నా."

వచ్చారు. మలుపు తిరగ్గానే అయిదుగురూ వెనక్కి తిరిగి, వెనక్కి వెనక్కి నడుస్తూ అంచు దాకా వచ్చారు. స్ట్రెచరు మోసేవాళ్ళు కూడా. ఒక్కడి అడుగు తడబడలేదు. ప్రతి సోమవారం పరేడ్ గ్రౌండులో చేయించే కసరత్తు అదే. కోదండంగారు నా భుజానికి భుజం ఆనించి కొండవైపు నిలబడి గంతలు సర్దుకున్నారు.

"సభ్యులందరూ హాజరైనట్టేనా?" అన్నారు. "ఈ లోయ ప్రాంతమునందు ఏదేని జరిగియున్నదన్న ఊహకు తావివ్వకుండా, ఊహాత్మకంగా చర్చిద్దాం. ఊహాత్మక వ్యక్తి హోదా ఏమిటి?"

"డైరెక్టరు!" అని లోయ అరిచింది.

కోదండంగారు నిటారుగా అయ్యారు. వెనక్కి తిరక్కుండానే సెల్యూట్ చేశారు. "నమస్కారం సార్. తమకి సంబంధించిన ఖర్చు భారీగా ఉంటుంది. హోదాని బట్టి హెలికాప్టరు దాకా వెళ్ళాలి. దానికి తగిన స్తోమత గల ప్రథమ వీక్షకుణ్ణి వెతకాల్సి ఉంటుంది."

"తొందరగా వెతకండి! నీళ్ళు వస్తున్నాయి!"

"నీళ్ళు ఇరిగేషన్ వాళ్ళ పరిధి సార్. వాళ్ళకి రాస్తాం."

సువర్ణ నా చెవి దగ్గరకొచ్చింది. "సార్, మీరు ఒక్క మాట అనండి. చూశానని. నేను దిగిపోతా, క్షణంలో పని."

"నువ్వే అనొచ్చుగా?"

"అంటే నా సైకిళ్ళు పోతాయి. లైసెన్సు పోతుంది. మీకు ఉద్యోగమన్నా మిగులుద్ది."

నేను కొండని చూశాను. ఆ కొండ మీద ఎన్ని చెట్లున్నాయో ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు.

అప్పుడే దేవుడు పంపినట్టు ఒక ముసలమ్మ మేకల్ని తోలుకుంటూ వచ్చింది. మా ఏడుగురం ఒకే వైపు మొహం పెట్టి నిలబడటం చూసి, రెండోవైపు ఏముందా అని తొంగిచూసింది.

"ఓలమ్మో! ఎవులో బాబు గెడ్డలో పడిపోనాడు!"

కోదండంగారి మొహం వెలిగిపోయింది. జేబులోంచి పెన్ను తీశారు. "అమ్మా, అభినందనలు! నీ పేరేమిటి? నీవే ప్రథమ వీక్షకురాలివి. స్థిరాస్తులేమైనా ఉన్నాయా?"

ముసలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. గవర్నమెంటు మనిషి ఆస్తులు అడిగాడంటే ఎందుకడిగాడో తెలుసుకోవడానికి ఆమెకి నిబంధన చదవక్కర్లేదు.

"నాను ముందు సూడనేదు బాబూ," అంది. "ఈ సొట్టకొమ్ము మేక ముందు సూసింది. దాన్నడుగు."

మేక లోయలోకి చూసి, కోదండంగారిని చూసి, 'మే' అంది.

"సాక్ష్యం స్పష్టంగానే ఉంది," అన్నారాయన సందిగ్ధంగా. "కానీ మేక పశుసంవర్ధక శాఖ కిందకి వస్తుంది. వాళ్ళ అనుమతి లేనిదే వాంగ్మూలం చెల్లదు. పైగా మేక వీక్షకురాలైతే బాధ్యత యజమానిది."

"నాది కాదు బాబూ ఆ మేక!" అంది ముసలమ్మ, ఆ మేకని తప్ప మిగతావాటిని అదిలించుకుంటూ పరుగు లాంటి నడకతో మలుపు దాటిపోయింది. అవతల నుంచి నాలుకతో ఒక శబ్దం చేసింది. సొట్టకొమ్ము మేక కూడా పరుగెత్తింది.

మళ్ళీ ఆ మూలుగు. పై తుప్పల్లోంచి. ఈసారి కొంచెం పొడుగ్గా.

"ఏమిటది?" అన్నాడు దళంలో ఒకడు.

"అడవి పంది," అన్నారు కోదండంగారు. "అటవీ శాఖ."

కింది నుంచి డైరెక్టరుగారు మాట్లాడటం మొదలుపెట్టారు. మొదట్లో మీటింగు గొంతే. "మిత్రులారా, ఒకసారి నా చేతి గడియారం చూడండి, ఆగిందేమో," అన్నారు. ఎవరూ వెనక్కి తిరగలేదు. "ఇక్కడ ఒక వింత పక్షి ఉంది!" అన్నారు. అయినా తిరగలేదు. మా శిక్షణ అలాంటిది. "తిరగండిరా వెధవల్లారా!" అన్నారు. తిరగలేదు. ఆ తరవాత వచ్చిన గొంతు నేనెప్పుడూ వినలేదు.

"సన్యాసీ. నీళ్ళు నడుం దాకా వచ్చాయిరా."

నాకు పక్కన ఏదో కదలిక తెలిసింది. సువర్ణ హెల్మెట్టుకున్న గంతల్ని పట్టి ఊడబెరికింది. రెండూ దారిలో పడ్డాయి. ఆమె వెనక్కి తిరిగి, అంచున నిలబడి, లోయలోకి సూటిగా, దాపరికం లేకుండా చూసింది.

"నేను చూస్తున్నాను," అంది. "రాసుకోండి. పోతే పోనీ."

"కిల్లో సువర్ణ, గైడు," అంటూ కోదండంగారు ఆత్రంగా రాసుకున్నారు. "నాలుగు సైకిళ్ళు. హెలికాప్టరుకి చాలవు, తాడుతో సరిపెడదాం."

అప్పటికే ఆమె తాడుని చెట్టుకి బిగించి, రెండో చివర నడుముకి కట్టుకుని దిగిపోయింది. కింద ఏం జరిగిందో నాకు చెవుల ద్వారానే తెలుసు. రాళ్ళు దొర్లాయి. నీళ్ళలో ఏదో దభీమని పడింది. డైరెక్టరుగారు "నన్ను చూశావా?" అన్నారు. అలవాటు కొద్దీ అని ఉంటారు.

"మాట్లాడకండి. నా మెడ పట్టుకోండి," అంది ఆమె. "ఈ కర్ర కాలికి కడతన్నా. అరవాలంటే అరవండి."

అరిచారు. కొండలు తిరిగి అరిచాయి. తరవాత ఆమె పైకి కేకేసింది: "లాగండి!"

లాగాం. మేము ఆరుగురం తాడుని భుజాల మీద వేసుకుని, గంతలతో, కొండకి ఎదురుగా, గానుగెద్దుల్లాగా ముందుకి నడిచాం. ఏం లాగుతున్నామో ఎవరం చూడలేదు. బరువుని బట్టి ఉన్నతాధికారి అని మాత్రం అర్థమయింది.

అంచు మీదకి వచ్చాక ఆయన్ని స్ట్రెచరు మీద పడుకోబెట్టారు. ఇప్పుడు చూడటంలో ప్రమాదం లేదు. అందరం తిరిగి తనివితీరా చూశాం. నీళ్ళు కారుతున్నాయి, పెదాలు నీలంగా ఉన్నాయి. వెనక లోయలో గెడ్డ ఆయన పడుకున్న రాళ్ళని కప్పేసి హోరెత్తుతోంది. నేను ఫ్లాస్కులోంచి టీ పోశాను. డైరెక్టరుగారు సగం జాకెట్టు మీద పోసుకున్నారు.

సువర్ణ ఒక పక్కన కూర్చుని, అరచేతుల మీద తాడు ఒరిపిడికి లేచిన చర్మాన్ని చూసుకుంటోంది. పక్కనే చెట్టుకి ఆనించి ఉన్న తన సైకిలు వైపు ఒకసారి చూసి మొహం తిప్పుకుంది. తాడు మాత్రం నిజంగానే తడిసింది. అలవాటు కొద్దీ ఆమె దాన్ని కొమ్మ మీద ఆరేసింది.

కోదండంగారు గొంతు సవరించుకున్నారు. "ఈ సంఘటనకు ప్రథమ వీక్షకురాలు కిల్లో సువర్ణగా నిర్ధారణ అయినది. సైకిళ్ళ జప్తుకి తక్షణం చర్యలు..."

"ఆ పేరు కొట్టెయ్," అన్నారు డైరెక్టరుగారు.

"సార్?"

"కొట్టెయ్యమన్నాను. నిబంధన రాసింది నేను. తప్పుగా అన్వయిస్తే ఊరుకోను. ఆమె మొదట చూడలేదు."

నా వైపే చూస్తారనుకున్నాను. చూడలేదు. ఆకాశం వైపు చూస్తున్నారు.

"మొదట చూసింది నేను," అన్నారు.

కోదండంగారు నొచ్చుకున్నారు. "అది కుదరదు సార్. పడినవారు కన్నులు మూసుకొనియున్నట్లే భావించవలెనని తమ నిబంధనే..."

"నేను మూసుకోలేదయ్యా! ఇంతింత గుడ్లేసుకుని పడ్డాను. పై గట్టు చూశాను, చెట్టు చూశాను, నా కాలు విరగడం చూశాను. ఏ వెధవ కళ్ళు మూసుకుంటాడు పడేటప్పుడు? ఆ మీటింగు నాటికి నేను కుర్చీలోంచి కూడా ఎప్పుడూ పడి ఉండకపోవడం వల్ల అలా రాశాను. ఖర్చు నాదే. రాసుకో."

అంతలో తుప్పల్లోంచి మూడోసారి మూలుగు వచ్చింది.

"అడవి పంది సార్, అటవీ శాఖకి రాస్తాం," అన్నారు కోదండంగారు.

"పంది కాదు."

ఆ రెండు మాటలూ ఆయన చాలా మెల్లగా అన్నారు. సువర్ణ తల ఎత్తింది.

"పంది కాదు," అన్నారు మళ్ళీ. "హయగ్రీవం. చికెన్ దగ్గరకి వెళ్ళలేదు. మలుపుకి ముందే, ఎడమ చేతివైపు, ఆ తుప్పల్లో పడ్డాడు. సైకిలు వాడి మీదుంది."

సువర్ణ మొదటి మాటకే లేచింది. రెండో మాటకి కొమ్మ మీది తాడు లాక్కుంది. మూడో మాటకి తుప్పల్లో ఉంది. దళంలో నలుగురూ కోదండంగారి మొహం చూసి, ఆయన ఏమీ అనకపోవడంతో, ఆమె వెనకే ముందుకి నడిచారు. ముందుకి నడవడం అలవాటు తప్పి ఒకడు తూలాడు.

"మీకెలా తెలుసు సార్?" అన్నాను.

డైరెక్టరుగారు టీ కప్పు గుండెల మీద పెట్టుకుని, మండలి భాష ఒక్క ముక్క లేకుండా, నాతోనే చెప్పారు:

"మీ అందరికీ గంతలున్నాయి. నాకు లేవు కదరా, ఫోటో కోసం తీయించాను. వాడు పడటం నా కళ్ళెదుటే జరిగింది. పడి, నన్ను చూసి, చెయ్యెత్తాడు. విశ్వపతీ అని పిలిచాడు కూడా. ఆగితే నేనే ప్రథమ వీక్షకుణ్ణి. అందుకని చూడలేదనుకున్నాను. ఇందాక నువ్వు వాడు చికెన్ దగ్గర ఉన్నాడంటే, అప్పుడైనా చెప్పొచ్చు, దగ్గి ఊరుకున్నాను. నీళ్ళు వచ్చేదాకా ఆ రాళ్ళ మీద పడుకుని, మీ ఏడుగురి వీపులూ చూస్తూ ఉన్నాను. అప్పుడు తెలిసింది వాడికి నా వీపు ఎలా కనబడిందో. నన్ను ఎవరూ తొయ్యలేదు, బ్రేకు చెడలేదు, దారి బాగానే ఉంది. వాణ్ణి చూడకుండా ఉండటానికి తల అటు తిప్పుకున్నాను. తల తిప్పిన వైపే సైకిలూ తిరిగింది. అటువైపు దారి లేదు."